గోలీ గీత వదిలి ముందుకెందుకు వస్తాడు?

మా సత్యవేడు దగ్గర జరిగిన ఒక ఫుట్‌బాల్ పోటీలో మా బడి పిల్లలు ఒక్క గోలు తేడాతో ఓడిపోయారు. ఎదుటి జట్టు కుర్రవాడు బంతితో ఒంటరిగా దూసుకొస్తుంటే మా గోలీ గీత వదిలి ముందుకు పరుగెత్తాడు. ఆ కుర్రవాడు బంతిని నింపాదిగా వీడి తలమీదుగా లేపేశాడు. “గీతమీదే నిలబడి ఉంటే పట్టేవాడివి కదరా!” అని దారి పొడవునా తోటివాళ్లు వాణ్ణి దెప్పారు. నిజం చెప్పాలంటే నేనూ ఒక మాట అన్నాను.

మర్నాడు తరగతికి వెళ్లేసరికి లెక్కల అయ్యవారు చెరపకుండా వదిలిన సరూప త్రిభుజాల బొమ్మ నల్లబల్లమీద ఉంది. దాన్ని చూడగానే నాకు ఆ గోలే గుర్తొచ్చింది. వాడిది తప్పో కాదో మీరే లెక్కగట్టి చెప్పండి.

గోలు స్తంభాల మధ్య దూరం 7.32 మీటర్లు. ఎత్తు 2.44 మీటర్లు. బంతి గోలుకు సరిగ్గా ఎదురుగా 16 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. బంతి నుంచి రెండు స్తంభాలకూ రెండు గీతలు గీయండి. పెద్ద త్రిభుజం వచ్చింది కదా! గోలీ గీతమీదే ఉంటే ఒక్కో పక్క 3.66 మీటర్లు కాపాడుకోవాలి. సగం దూరం, అంటే 8 మీటర్లు ముందుకొస్తే? సరూప త్రిభుజాల సూత్రం ప్రకారం ఆ వెడల్పూ సగమైపోతుంది. ఒక్కో పక్క 1.83 మీటర్లే. చేయి చాచితే ఒక మీటరు అందుతుందనుకుంటే ఇక మిగిలేది 83 సెంటీమీటర్లు.

అయితే గోలీలందరూ బంతి దగ్గరికే పరుగెత్తరేం? ఇక్కడే చిక్కుంది. బంతి సెకనుకు 20 మీటర్ల వేగంతో వస్తే 16 మీటర్లకు 0.8 సెకను పడుతుంది, 8 మీటర్లకు 0.4 సెకను. వెడల్పుతోపాటు వ్యవధీ సగమైంది. కాని సగం కానిది ఒకటుంది. కన్ను చూసిన సంగతి మెదడుకు చేరి, అక్కడినుంచి ఆజ్ఞ వెన్నుపాము మీదుగా కండరాలకు అందడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. దీన్ని ప్రతిచర్యా కాలం అంటారు. మీరు ఎక్కడ నిలబడ్డా అది తగ్గదు. దాన్ని తీసేస్తే గీతమీద ఉన్నవాడికి 0.6 సెకను, ముందుకొచ్చినవాడికి 0.2 సెకను మిగులుతాయి. మొదటివాడు ఆ వ్యవధిలో ఇంకా 2.66 మీటర్లు కదలాలి, రెండోవాడు 0.83 మీటరు. భాగించి చూడండి: సెకనుకు సుమారు 4.4 మీటర్లు, 4.2 మీటర్లు. లాభం చాలా కొద్దిగానే ఉంది! ఇంకా దగ్గరికి వెళ్తే లాభం పెరుగుతుంది, కాని మావాడికి జరిగినట్టు బంతి తలమీదుగా పోయే ప్రమాదం ఉంటుంది.

మీ ప్రతిచర్యా కాలం ఎంతో తెలుసుకోవాలంటే 30 సెంటీమీటర్ల స్కేలు చాలు. స్నేహితుణ్ణి దాని పైకొన పట్టుకోమనండి. సున్నా దగ్గర మీ బొటనవేలు, చూపుడువేలు తాకకుండా ఉంచండి. చెప్పకుండా వదలమనండి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మీది 0.2 సెకను, 15 దగ్గరైతే 0.175. గురుత్వ త్వరణం పాఠంలోని సూత్రంతో సరిచూసుకోండి.

గోలీ ఒక్కడే గోలును కాపాడడు. రక్షణ ఆటగాడు బంతిని లాక్కోలేకపోయినా, దాన్ని పక్కకు మళ్లించినా మేలే. ఇందాకటి చోట గోలు 26 డిగ్రీల కోణంలో తెరుచుకుని కనిపిస్తుంది. అక్కడినుంచి ఎదుటివాణ్ణి 16 మీటర్లు పక్కకు నెట్టుకుపోతే అది 13 డిగ్రీలే!

1962 సెప్టెంబర్ 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్లో మన జట్టు దక్షిణ కొరియాను ఎదుర్కొంది. మన గోలీ 1935లో హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్, ఆరడుగులు దాటిన మనిషి. లెక్కలో మనం ఒక మీటరు అనుకున్న చోట ఆయనకు అంతకన్నా ఎక్కువే అందేదేమో! శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ కూడా హైదరాబాదువారే, వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. రక్షణలో ఆడే పంజాబీ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు దెబ్బతగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ ఆయన్ని ముందువరుసలో ఆడించాడు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో ఆ జర్నైలే గోళ్లు చేశారు. ఇక అక్కడినుంచి గంటకు పైగా కాపాడుకోవడమే! కొరియావారు 85వ నిమిషంలో గానీ ఒక్క గోలు చేయలేకపోయారు. 2-1తో స్వర్ణపతకం మనది. ఆ మరుసటి ఏడు, 1963లో, రహీమ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు.

మావాడి సంగతి చెప్పలేదు కదూ! ఆ సాయంత్రం మైదానంలో బంతి దగ్గర ఒక మేకు పాతి, దాన్నుంచి రెండు స్తంభాలకూ బావి తాళ్లు లాగి కట్టాం. తాళ్ల మధ్య వాణ్ణి ముందుకూ వెనక్కూ నడవమన్నాను. చేతులు చాచుకుంటూ నడిచాడు. ఒకచోట ఆగి, తలెత్తి చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు. “ఇక్కడ సార్,” అన్నాడు. దెప్పినవాళ్లు వరసగా బంతులు తన్నడం మొదలుపెట్టారు.