లూప్ అదే, మొదలుపెట్టిన ఊరే తప్పు

హుండ్‌హామ్ ఎక్కుడు మధ్యలో నా ఫ్రెండ్ సైకిల్ దిగి గడ్డిలో కూర్చుండిపోయాడు. చేతులు వణుకుతున్నాయి, చెమట చల్లగా పట్టేసింది. రెండు బాటిళ్లూ ఖాళీ. ఆదివారం కాబట్టి సూపర్ మార్కెట్లు మూత. దగ్గర్లో రైల్వే స్టేషన్ కూడా లేదు. "ఇంకెంత దూరం మామా?" అన్నాడు. ఫోన్ చూసి "ఎంతో లేదురా, ఇరవై కిలోమీటర్లే" అన్నాను. వాడు నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

రూట్ ప్లాన్ చేసింది నేనే. జర్మనీలో మ్యూనిక్‌కి దక్షిణంగా, ఆల్ప్స్ పర్వతాలు మొదలయ్యే చోట వెండెల్‌స్టైన్ అనే కొండ ఉంది. ఎత్తు 1,838 మీటర్లు. దాని చుట్టూ పల్లెల మీదుగా తిరిగి రావొచ్చు. దూరం 60 కిలోమీటర్లకు అటూ ఇటూ. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల ట్రాక్ మీద తొక్కిన అలవాటు నాది. 60 అంటే మూడు గంటలు అనుకున్నా. మ్యాప్‌లో దూరమే చూశాను గానీ, కింద ఎగుడుదిగుడుగా ఉన్న ఎత్తు గ్రాఫ్‌ని పట్టించుకోలేదు.

మ్యూనిక్ నుంచి రైలు నేరుగా వెళ్తుంది కదా అని బైరిష్‌ట్సెల్ దగ్గర మొదలుపెట్టాం. ఆ ఊరు సుమారు 800 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఊరు దాటగానే సూడెల్‌ఫెల్డ్ కనుమ, 1,123 మీటర్లు. కాళ్లు తాజాగా ఉన్నాయి, ఎక్కేశాం. అవతలి వైపు టాట్సెల్‌వుర్మ్ జలపాతం మీదుగా బ్రానెన్‌బుర్గ్ దాకా దాదాపు అంతా దిగుడే. ఈలలు వేసుకుంటూ దిగాం. అసలు మోసం అక్కడే జరిగింది. బ్రానెన్‌బుర్గ్, బాడ్ ఫైల్న్‌బాఖ్ ఊళ్లు సుమారు 500 మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. మన రైలేమో 800 మీటర్ల దగ్గర ఆగి ఉంది! పొద్దున ఫ్రీగా వచ్చిందనుకున్న దిగుడంతా మధ్యాహ్నం, ఖాళీ కడుపుతో తిరిగి కట్టాలి.

వాడిని లేపి, సైకిళ్లు నెట్టుకుంటూ పైకి వెళ్లి, ఫిష్‌బాఖావ్‌లో రైలెక్కాం. లూప్ పూర్తవలేదు. దారిలో వాడు అన్నది ఒక్కటే: "ఇంకోసారి పిలిచే ముందు నాక్కూడా మ్యాప్ చూపించు."

ఆ రాత్రి కూర్చుని ఎంసెట్‌కి బట్టీ పట్టిన ఎం-జి-హెచ్ తీశా (చివరికి ఒకచోట పనికొచ్చింది). మనిషి, సైకిల్, బ్యాగ్ కలిపి 85 కిలోలు. 320 మీటర్లు ఎక్కాలంటే సుమారు 267 కిలోజౌల్స్. కాళ్లు నిలకడగా 150 వాట్లు ఇస్తే అరగంట. కొత్తవాడు 100 వాట్లే ఇవ్వగలిగితే ముప్పావు గంట. గాలి, టైర్ల ఘర్షణ ఇంకా కలపలేదు. అంటే కొండల్లో టైమ్ లెక్క కిలోమీటర్లతో కాదు, ఎక్కే మీటర్లతో వేయాలి.

ఇంకోటి తట్టింది. లూప్ కదా, ఎక్కడ మొదలుపెట్టినా మొత్తం ఎక్కేది అంతే. తిరిగే వైపు కూడా మార్చక్కర్లేదు. స్టార్ట్ పాయింట్‌ని బ్రానెన్‌బుర్గ్‌కి జరిపితే చాలు! అక్కడా స్టేషన్ ఉంది, రోజెన్‌హైమ్ మీదుగా వెళ్లాలి. మొదట కాళ్లు వేడెక్కడానికి చదును రోడ్డు. తర్వాత హుండ్‌హామ్ ఎక్కుడు. మధ్యలో ఫిష్‌బాఖావ్, అక్కడి కేక్ ముక్కలు ఇటుకల్లా ఉంటాయి. ఆపైన బైరిష్‌ట్సెల్ స్టేషన్, అంటే పెద్ద కొండకి సరిగ్గా ముందు తప్పుకునే దారి. చివర్లో సూడెల్‌ఫెల్డ్, అక్కడినుంచి రైలు దాకా దిగుడు.

ఈ ప్లాన్‌కీ ఒక లోపం ఉంది. వేసవిలో ఆల్ప్స్‌లో మధ్యాహ్నం దాటాక ఉరుముల వాన పడటం మామూలే. పెద్ద దిగుడు ఆ టైమ్‌కే వస్తుంది. తడి రోడ్డు, అలసిన చేతులు, వెనక నుంచి రయ్యిమని మోటార్‌బైక్‌లు. అందుకే పొద్దున్నే రైలెక్కాలి. బ్రేకులు నొక్కి పట్టుకునే ఉండకూడదు, వేడెక్కిపోతాయి. మలుపుకి ముందే గట్టిగా నొక్కి వదిలేయాలి.

నీళ్ల సంగతి అక్కడి సైక్లిస్టులు చెప్పారు. పల్లెల్లో చర్చి పక్క శ్మశానాల్లో కుళాయిలుంటాయి, చాలామంది అక్కడే నింపుకుంటారు. "కైన్ ట్రింక్‌వాసర్" అని రాసుంటే మాత్రం అవి తాగే నీళ్లు కావు. మొదటిసారి శ్మశానంలో బాటిల్ పట్టడానికి మనసొప్పలేదు. దాహం ఒప్పించింది.

మూడు వారాల తర్వాత గ్రాఫ్ ప్రింట్ తీసి వాడి ముందు పెట్టాను. పది నిమిషాలు చూశాడు. "ఈ స్టేషన్ దగ్గర నేను ఆగిపోతే ఏమీ అనవుగా?" అని అడిగాడు. అననన్నాను. ఈసారి అద్దె సైకిల్‌కి వెనక 28 పళ్ల బదులు 34 పళ్ల పెద్ద గేరు వేయించాం.

హుండ్‌హామ్ ఎక్కుడులో వాడు దిగలేదు. పోయినసారి కూర్చున్న చోటు దాటుతుంటే గడ్డివైపు చూసి నవ్వాడు. కేక్ తిన్నాం. బైరిష్‌ట్సెల్‌లో స్టేషన్ ముందు ఆగి, కొండని ఒకసారి, రైళ్ల బోర్డుని ఒకసారి చూశాడు.

"నాకు ఇవాళ్టికి చాలు మామా. నువ్వెళ్లు."

రైల్లో సైకిల్‌కి విడిగా టికెట్ కావాలి. అది తీయించి, పడమటి వైపు మబ్బు ఎంత ఉందో చూసుకుని, నేను కొండ దారి పట్టాను.