ప్రథమ స్థానమునకు దక్కవలసిన దేమి?

నల్లపాటి నుండి ఒక శ్రోత మాకు జాబు వ్రాసినారు. కల్లములో మిరపకాయలు ఎండబోసి రాత్రివేళ కావలి యుండునప్పుడు రేడియోలో ఆటల ఫలితములు వినుట వారి యింట అలవాటట. వారి ప్రశ్న యిది: రెండు నెలలు ఆడి పట్టికలో మొదట నిలిచిన జట్టుకు కప్పు నీయక, మరల నాలుగు జట్లకు పోటీ పెట్టి, ఒకటి రెండు రాత్రుల ఆటను బట్టి విజేతను నిర్ణయించుట న్యాయమా?

ఈ ప్రశ్నకు మూలము 2018 నాటి ఐ.పి.ఎల్. పోటీ యని వేరుగ చెప్పనక్కరలేదు. ఆ యేడు సన్‌రైజర్స్ హైదరాబాదు జట్టు పట్టికలో ప్రథమ స్థానము పొందియు, మే 27న ముంబయిలో జరిగిన ఫైనలులో చెన్నై జట్టుకు 8 వికెట్ల తేడాతో లోబడినది. షేన్ వాట్సన్ 117 పరుగులు చేసి నిలిచినాడు. ఆట ముగిసినప్పుడు అతనికి తోడుగా రెండవ కొసనున్నవాడు మన గుంటూరులో పుట్టిన అంబటి రాయుడే. కావున ఆ రాత్రి గుంటూరు సీమలో సంతోషించినవారును లేకపోలేదు.

అయితే ఒక్కమాట. ఆ యేడు రెండు జట్లకును 18 పాయింట్లే వచ్చినవి. పరుగుల సగటు లెక్కలో మాత్రమే మనవారు ముందుండిరి. పైగా చెన్నై జట్టు తాను ఎదుర్కొన్న నాలుగు సార్లును మనవారిని ఓడించినది. దీనిని అన్యాయమనుటకు మాకు నోరాడుట లేదు.

అంతకుముందు ఇదే పద్ధతి మనకు రెండుసార్లు కలిసివచ్చినది. అప్పుడు ఇట్టి జాబులు మాకు రాలేదు! 2009లో దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీలలో హైదరాబాదు డెక్కన్ చార్జర్స్ నాలుగవ స్థానములో నుండి సెమీఫైనలు చేరినది. ప్రథమ స్థానమున నున్న ఢిల్లీ జట్టుపై గిల్‌క్రిస్ట్ 35 బంతులలో 85 పరుగులు చేసినాడు. ఒక్క రాత్రిలో ఢిల్లీవారి శ్రమ యంతయు తుడిచిపెట్టుకొనిపోయినది. జోహాన్నెస్‌బర్గులో బెంగుళూరుపై 6 పరుగులతో గెలిచి మనవారు కప్పు తెచ్చిరి.

2011 నుండి నియమము మారినది. మొదటి రెండు స్థానముల జట్లు తమలో తాము ఆడును. ఓడినదానికి ఇంకొక అవకాశము కలదు. మూడు, నాలుగు స్థానములవారిలో ఓడినవారు ఇంటికి పోవలసినదే. ఆస్ట్రేలియా ఫుట్‌బాలులో 1931లోనే ఈ ఏర్పాటును అమలు జరిపిరి. అయినను 2016లో మూడవ స్థానమున నుండిన సన్‌రైజర్స్ జట్టు కోల్‌కతాను, ప్రథమ స్థానపు గుజరాత్ లయన్స్‌ను వరుసగా దాటి, మే 29న బెంగుళూరువారి సొంత మైదానముననే 208 పరుగులు చేసి, 8 పరుగులతో గెలిచినది.

ఈ చిక్కు మనకే గాదు. మనకు క్రికెట్ ఎట్లో జపానువారికి బేస్‌బాలు అట్లు. అచ్చట సెంట్రల్, పసిఫిక్ అను రెండు లీగులు కలవు. ఒక్కొక్క దానిలో ఆరు జట్లు. బేస్‌బాలులో ఎంతటి జట్టయినను తరచు ఓడును. 2024లో సెంట్రల్ లీగు ప్రథములైన యోమియురి జయంట్స్ 77 ఆటలు గెలిచి 59 ఓడిరి. అట్టి ఆటలో ఒక్కనాటి ఫలితమునుబట్టి బలాబలములు తేలవు. అందుచేత వారు ఒక్క ఆటతో కాక, ఆటల వరుసతో తేల్చుకొందురు. 2007లో రెండు లీగులకును క్లైమాక్స్ సిరీస్ అను పోటీ పెట్టిరి. ఆ మొదటి యేడే రెండవ స్థానపు చూనిచి డ్రాగన్స్ ప్రథములైన జయంట్స్‌ను వరుసగా మూడాటలలో ఓడించి, తుదకు జపాను సిరీస్ గెలుచుకొనిరి.

మరుసటి యేడు వారు చేసిన మార్పు మాకు మిక్కిలి నచ్చినది. రెండు, మూడు స్థానములవారు ముందుగా ఆడుదురు. వారిలో నెగ్గినవారు ప్రథములను ఎదుర్కొనునప్పటికే ప్రథముల ఖాతాలో ఒక గెలుపు వ్రాసి యుండును! నాలుగు గెలుపులు కావలసిన ఆ పోటీలో ప్రథములు మైదానమున మూడాటలు గెలిచిన చాలును. ఎదుటివారు నాలుగు గెలువవలెను. ఆటలన్నియు ప్రథముల సొంత మైదానముననే జరుగును. సమమైనను వారిదే పైచేయి.

ఇంత చేసినను 2024లో మూడవ స్థానపు యొకొహామా బేస్టార్స్ జయంట్స్‌ను దాటిరి. లీగులో వారి గెలుపులు 71, ఓటములు 69. అటుపిమ్మట జపాను సిరీస్‌లో, 91 ఆటలు గెలిచి వచ్చిన ఫుకుఓకా హాక్స్‌ను నాలుగు గెలుపులు, రెండు ఓటములతో ఓడించిరి. 1998 తరువాత వారికి అదియే మొదటి పట్టము. కాని ఆ మార్గమున వారు మైదానములపై గెలిచినవి పదియాటలు; ఒక్క రాత్రి వెలుగు గాదు.

మన ఐ.పి.ఎల్.లో ముందుగా ఒక గెలుపు నిచ్చుటకు వీలులేదు. ఒక్క ఆట పోటీలో అట్లిచ్చిన పోటీయే యుండదు. మూడేసి ఆటల వరుస పెట్టవలెనన్నచో మే మాసము దాటి జూను వచ్చును, దానితో వానలును వచ్చును. కల్లములో కాయ ఆరబోసిన మన శ్రోతకు ఆ చిక్కు మేము చెప్పనక్కరలేదు.