మీకు తెలుసా? తెర మీదే బట్ట గరుకు!

సూరత్ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లో బేరం మొదలయ్యేది చేతితోనే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంచును నలిపి చూశాకే ధర మాట.

• ఆ స్పర్శను అంకెల్లో చెప్పే పరికరాలను జపాన్ శాస్త్రవేత్త సుయెవో కవాబాతా 1970ల్లో రూపొందించారు. బట్ట సాగే గుణం, వంగే గుణం, గరుకుదనం వంటివన్నీ ఇవి కొలుస్తాయి.

• నున్నటి గాజు తెర కూడా గరుకుగా అనిపించగలదు! స్వల్ప విద్యుత్‌తో వేలికీ తెరకూ మధ్య రాపిడిని మార్చే 'టెస్లాటచ్'ను డిస్నీ రీసెర్చ్ 2010లో చూపింది. వేలు కదిలితేనే ఆ తేడా తెలుస్తుంది.

• ఇలా స్పర్శను పుట్టించే హాప్టిక్స్ పరిజ్ఞానం ఎదిగితే ఆన్‌లైన్లో చీర నేతను వేలితో తడిమి చూడొచ్చు. బరువు, జారుడు తెలియాలంటే మాత్రం ఇప్పటికీ బట్ట చేతికి రావాల్సిందే.