పరదాలను శుభ్రపరచి దాచుకొను విధానము

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో నగరము పెరిగి సాగుభూమి తగ్గినను, చెరువుల క్రిందను బోరుబావుల క్రిందను యాసంగి వరి నేటికిని పండుచున్నది. కోతలు ఏప్రిల్, మే నెలలలో సాగును. కళ్లములో కుప్ప పోసిన ధాన్యముపై సాయంత్రపు గాలివాన విరుచుకుపడినప్పుడు రైతుకు అండ టార్పాలిన్ పరదా ఒక్కటియే. చిన్న చిల్లి గుండా దిగిన నీటితో గింజ రంగు మారును, మొలకెత్తును. కొనుగోలు కేంద్రములలో తేమ 17 శాతమునకు మించిన ధాన్యము తీసికొనరు. కనుక చిరిగిన పరదా పంట ధరకే ఎసరు తెచ్చును.

కోతలు ముగిసిన పిమ్మట పరదాకు వానకాలపు కోతల వరకు పని తక్కువ. జూను నుండి సెప్టెంబరు వరకు గాలిలో తేమ మెండు. మూల పడియున్న ఈ దినములలోనే అనేక పరదాలు చెడిపోవుచున్నవి.

రెండు రకములు

పూర్వము నావికులు కాన్వాసు గుడ్డకు తారు పూసి ఓడలలో సరుకులపై కప్పెడివారు. నేడు రైతుల వద్దనున్నవి చాలవరకు ప్లాస్టిక్ పరదాలు. మైనము పట్టించిన నూలు కాన్వాసు కొందరి వద్ద కలదు. నూలునకు శత్రువు బూజు. తడి, మురికి కలిసినచోట అది పుట్టి దారమును తినివేయును. ప్లాస్టికునకు శత్రువులు ఎండ, ఎలుక. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కును.

కడుగుట, ఆరబెట్టుట

రోహిణి కార్తె ఎండలలో, మృగశిర ప్రవేశింపక మునుపే ఈ పని ముగించవలెను. ముందుగా గింజలు, తాలు, మట్టి ఊడ్చివేయవలెను. మడతలో గింజ మిగిలిన ఎలుక వెదకుకొని వచ్చును. తరువాత మంచినీటితో, మెత్తని బ్రష్షుతో రుద్దవలెను. జిడ్డున్నచో కొద్ది సబ్బు చాలును. నూలు కాన్వాసునకు వేడినీరు, చాకలి సోడా తగవు. అవి మైనపు పూతను వదలించును. బ్లీచింగు పొడి దారమును బలహీనపరచును. బండపై బాదరాదు.

పరదాను రెండు వైపులా ఆరబెట్టవలెను. అంచుల కుట్లు, త్రాళ్లు చివరగా ఆరును. చేతితో నొక్కి చూచి, తడి లేదని తేలిన పిమ్మటనే చుట్టవలెను. ప్లాస్టిక్ పరదాను నీడపట్టున గాలికి ఆరవేయుట మేలు.

మరమ్మతు, నిలువ

వెలుతురుకు ఎత్తి చూచిన చిల్లులు కనబడును. కాన్వాసునకు అదే రకపు గుడ్డతో మాసిక వేసి కుట్టవలెను. ప్లాస్టికునకు రెండు వైపులా అతుకు టేపు అంటింపవలెను. మడిచినచోటనే మరల మరల మడిచిన గీత వెంట తెగును. చుట్టగా చుట్టుట మంచిది. చుట్టను నేలపై నుంచక, గోడకు ఎడముగా చెక్కపై పెట్టవలెను, లేదా ఎలుకలకు అందకుండ దూలమునకు వ్రేలాడదీయవలెను. ఎరువు బస్తాల దాపున ఉంచరాదు. పురుగుమందులు మోసిన పరదాను ధాన్యమునకు వాడరాదు. దానికి వేరే గుర్తు పెట్టవలెను. వానలు తెరపి ఇచ్చిన దినమున, నెలకొకసారి, విప్పి గాలి తగులనీయవలెను.

గ్రామాధికారులు ఉమ్మడి పరదాలకు సంఖ్యలు వేయించి, ఎవరి వద్ద ఏది ఉన్నదో వ్రాసియుంచిన, అవసరమునకు వెదకులాట తప్పును.

కోతలకు పదిరోజుల ముందు నలుగురు నాలుగు మూలలు పట్టుకొని, నడుమ బిందెడు నీరు పోసి చూడుడు. చుక్క జారినచో అప్పుడే బాగుచేసికొనవచ్చును. మబ్బు పట్టిన తరువాత ఆ తీరిక ఉండదు.