భుజమునకు విశ్రాంతి

కళాశాల క్రీడాకారుల ఆట ఒక్కొక్కప్పుడు సన్నగిల్లును. పెద్దలు దానిని సోమరితనమని గద్దింతురు. కాని పలుమార్లు కారణము దేహమందే యుండును.

నిజామాబాదు బాక్సరు నిఖత్ జరీన్ 2017లో విశ్వవిద్యాలయముల పోటీలలో భుజమునకు గాయమై, దాదాపు ఏడాది బరికి దూరమయ్యెను. 2022లో ఆమె ప్రపంచ విజేత. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకము దక్కలేదు. 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో స్వర్ణము గెలిచెను.

సాఫ్ట్‌బాల్ విసరువారికిని భుజమే ఆధారము. విరామము లేక విసరినచో కండరములు అలసి, నొప్పి పుట్టి, వేగమును గురియు తగ్గును. అట్టి నొప్పిని దాచక వైద్యునికి చూపవలెను. తగినంత నిద్రయు, పుష్టికరమైన ఆహారమును అవసరము. నొప్పి తగ్గినంతనే పూర్తి సాధనకు దిగరాదు. వైద్యుని సలహాపై క్రమక్రమముగా పెంచవలెను.