డీజిలు కారు: సత్తువ, సద్దు, పొదుపు

డీజిలు ఇంజను అనగానే మన చెవులకు పొలమున నీరు తోడు యంత్రపు దడదడయే స్ఫురించును. అట్టి యంత్రమే నేటి కార్లలో, లోపల కూర్చున్నవారు మెల్లగా మాటలాడుకొనుటకు వీలగునంత నెమ్మదిగా నడచుచున్నది. సత్తువ పెరిగినది, చమురు ఖర్చు తగ్గినది. ఈ మూడును ఒక్కచోట ఎట్లు కుదిరినవో ఈ వ్యాసమున వివరింతుము. వాడిన డీజిలు కారును కొనదలచిన సభ్యులకు ఇది వట్టి శాస్త్రవిషయము కాదు. కుదిరిన ఆ పొందికను ఎరుగక చెడగొట్టుకొన్నచో మరమ్మతు ఖర్చు ఒక పంట లాభమును మ్రింగివేయగలదు.

మొదట పొదుపు సంగతి. సాధారణమైన పెట్రోలు ఇంజనులో గాలియు పెట్రోలును కలిసియుండగా విద్యుత్తు రవ్వ ముట్టించును. డీజిలు ఇంజనులోనికి పోవునది గాలి మాత్రమే. దానిని పిస్టను పదునైదు, పదునారు వంతులలో ఒక వంతుకు అణచగా, 500 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి వేడెక్కును. అప్పుడు చిమ్మిన డీజిలు తనంతట తానే అంటుకొనును. 1897లో జర్మనీలోని ఔగ్స్‌బర్గున రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఇంజను, ఇంధనమందలి శక్తిలో నూటికి ఇంచుమించు 26 పాళ్లను పనిగా మార్చినది. గట్టిగా అణచుటయే ఈ పొదుపునకు మూలము. అదిగాక, తేలికగా పోవునపుడు పెట్రోలు ఇంజను సగము మూసిన తలుపు సందున గాలి పీల్చుటకు శ్రమపడును. డీజిలు ఇంజనులో సాధారణముగా ఇంధనమును తగ్గించిన చాలును. అయితే లీటరు డీజిలు లీటరు పెట్రోలుకన్న బరువైనది. అందలి శక్తియు అధికము. కావున లీటరు లెక్కన కనబడు లాభమంతయు ఇంజను ప్రతిభయే అనుకొనరాదు.

ఇక సద్దు. సరిగా రాజుకొనని కట్టెలపై కిరసనాయిలు పోసి, అంటుకొనలేదని మరికొంత పోసినచో, అంతయు ఒక్కమారే భగ్గుమనును. సిలిండరులో జరుగునదియు అదియే. చిమ్మిన డీజిలు అంటుకొనుటకు క్షణములో అత్యల్పభాగము ఆలస్యమగును. ఆలోపల చేరినదంతయు ఒక్కపెట్టున మండుటచే లోహము సుత్తిదెబ్బ తిన్నట్లు మ్రోగును. ఈ మ్రోతను తగ్గించుటకై పూర్వపు కార్లలో ప్రక్కనున్న చిన్న గదిలో మంట మొదలిడి, పిదప పెద్ద గదిలోనికి పోనిచ్చెడివారు. సద్దు తగ్గినది గాని, ఆ గది గోడలు వేడిని హరించుటచే పొదుపు చెడినది.

ఈ చిక్కును విప్పినది, అన్ని సిలిండర్లకును ఒకే గొట్టమునుండి ఇంధనము నందించు ‘కామన్ రైలు’ పద్ధతి. 1997లో ఆల్ఫా రోమియో 156 మొదలగు కార్లలో ఇది వచ్చినది. పంపు ఆ గొట్టమున డీజిలును 1,350 బార్ల ఒత్తిడితో, అనగా కారు చక్రమందలి గాలి ఒత్తిడికి ఇంచుమించు ఆరువందల రెట్లతో, నింపి యుంచెడిది. నేటి ఇంజనులనేకమున ఇది 2,000 బార్లు దాటినది. ఎప్పుడు, ఎంత చిమ్మవలెనో విద్యుత్ యంత్రాంగము నిర్ణయించును. అది మొదట ఒకటి రెండు మిల్లీగ్రాములు మాత్రమే చిమ్మి గదిని రాజవేయును. పిదప అసలు మోతాదును వదలును. రాజుకొన్న పొయ్యిలో పడినట్లు అది వెంటనే మండును గనుక దెబ్బ యుండదు. 2003లో వచ్చిన ఫియట్ 1.3 మల్టీజెట్ ఇంజను ఒక్క మండుటకు ఐదుమార్ల వరకు చిమ్మగలిగెడిది. మన దేశమున మారుతి స్విఫ్టు డీజిలులో 2007 నుండి 2020 వరకు వచ్చినది ఈ 1,248 ఘన సెంటిమీటర్ల ఇంజనే.

సత్తువ నిచ్చునది టర్బో. వృథాగా పోవు పొగ వేగముతో ఒక చిన్న చక్రము తిరుగును. దానితో తిరుగు మరొక చక్రము గాలిని చల్లార్చు పేటికగుండ సిలిండరులోనికి కూరును. గాలి హెచ్చినచో ఇంధనమును హెచ్చుగా మండింపవచ్చును. కావున చిన్న ఇంజను పెద్దదాని పని చేయును.

అయితే ఒకదానిని పెంచిన మరొకటి తగ్గుట తప్పదు. ముందుగా చిమ్మినచో పొదుపు పెరుగును గాని, సద్దును, నత్రజని విషవాయువులును పెరుగును. మంటను చల్లబరచినచో ఆ వాయువులు తగ్గి మసి పెరుగును. మసిని పట్టుటకు పొగగొట్టములో జల్లెడయు, వాయువులను విరుచుటకు కొన్ని కార్లలో యూరియా ద్రావకమును పెట్టిరి. ఈ లెక్కను మోసముతో తప్పించుకొన జూచిన ఫోక్స్‌వ్యాగన్ సంస్థ సంగతి 2015లో అమెరికాలో బయటపడినది. పరీక్షవేళ ఒక రీతిగను, బాటపై మరొక రీతిగను నడచునట్లు కూర్చిన కార్లు లోకమంతట ఒక కోటి పదిలక్షల వరకు తేలినవి. మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ ఆరవ దశ నియమములు వచ్చి, డీజిలులోని గంధకము పది లక్షల పాళ్లలో 50 నుండి 10కి తగ్గినది.

ఇక వాడువారు గమనింపవలసినవి.

ఒకటి: ఇంధనము చిమ్ము రంధ్రములు మిల్లీమీటరులో ఇంచుమించు పదవవంతు మాత్రమే. కొట్టములో పీపాయిలో నిలువయుంచిన డీజిలున నీరును, తుప్పును చేరును. దానిని ఇట్టి కారులో పోయరాదు. ఇంధనపు ఫిల్టరును గడువు తప్పక మార్పవలెను.

రెండు: జల్లెడలో పట్టిన మసి కాలిపోవుటకు ఇంచుమించు 600 డిగ్రీల వేడి కావలెను. దినమును రెండు మైళ్లు పోయి ఆపెడి కారులో అట్టి వేడి పుట్టదు. అప్పుడప్పుడు పెద్దబాటపై నిలుకడగా నడపవలెను. దీపము వెలిగినపుడు తయారుదార్ల పుస్తకమున చెప్పినట్లు చేయవలెను. జల్లెడను కోసి తీసివేయుడని చెప్పువారి మాట వినరాదు. అది నియమోల్లంఘనము, ఊరి గాలికి కీడు.

మూడు: మసి కాల్చుటకై చిమ్మిన డీజిలు కొంత ఇంజను నూనెలో కలియును. నూనె మట్టము పెరిగినచో సంతోషింపక వెంటనే చూపించి మార్పించవలెను. జల్లెడ గల ఇంజనుకు విధించిన తక్కువ బూడిద నూనెనే పోయవలెను.

దూరపు ప్రయాణములు విస్తారముగా చేయువారికి డీజిలు కారు లాభకరము. ఇంటికిని సంతకును మాత్రమే తిరుగువారికి పెట్రోలు కారే మేలు. బేరము కుదుర్చుకొనుటకు ముందు, ఏడాదిలో తాము ఎన్ని మైళ్లు ఏ బాటపై తిరుగుదురో కాగితముపై వ్రాసి చూచుకొనుట మంచిది.