కారవాన్‌లో విశాఖ విహారం.. బసకే చిక్కు

విశాఖపట్నం: పడక, వంటగది అమర్చిన కారవాన్‌లో విహరించే దంపతులకు విశాఖ తీరం అనువైనదే. బండి ఎక్కడ నిలపాలన్నదే అసలు చిక్కు. విద్యుత్తు, నీరు, మురుగును వదిలే వసతి ఉన్న చోటును ముందే కుదుర్చుకోవాలి. 2002లో ప్రదర్శనశాలగా మారిన కురుసుర జలాంతర్గామిని తిలకించి భీమిలి దారి పట్టవచ్చు. ఆ దారిలోని ఎర్రమట్టి దిబ్బలను 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించారు. గాలి, వాన, సముద్రం వేల ఏళ్లపాటు పేర్చిన ఇసుక అది. చక్రాలు ఎక్కితే కూలిపోతుంది. బండిని రోడ్డు మీదే ఉంచి నడిచి వెళ్లాలి. దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని బొర్రా గుహలకు మాత్రం ఘాట్ రోడ్డు మలుపులు ఎక్కువ. ఎత్తైన బండితో చీకటిపడ్డాక ఎక్కడం ప్రమాదకరం. బండిని నగరంలోనే విడిచి, సొరంగాల గుండా సాగే కిరండూల్ రైలెక్కితే అలసట ఉండదు.